వరస చివర నిలబడ్డ పాప

మ్యూజియంలో పేరుమోసిన వరస కుండ మీద, సరిగ్గా అతుకుల వెంబడి, తెల్లటి పొడి పొంగుకొస్తోందనీ, కిందటేడు దాన్ని శుభ్రం చేసింది కోడలే కాబట్టి ఆ నింద ఆమె మెడకే చుట్టుకుందనీ పోయిన వారం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కొత్త గది తెరిచేలోగా సంగతి తేల్చమన్నాడు డైరెక్టర్. ఆ గదికి పెట్టబోయేది ఆమె మామగారి పేరు. వయసులో ఉండగా ఆ కుండను పెంకులు పెంకులుగా నేలలోంచి తీసింది కూడా ఆయనే. అంటే, తన తప్పేమీ లేదని కోడలు నిరూపించుకోవాలంటే మామగారి కుండను మళ్ళీ విప్పాలి. "విప్పుతాను సార్" అని మాటైతే ఇచ్చింది గానీ ఇంటికొచ్చాక కంటి మీద కునుకు లేదు.

తెల్లారేసరికి ఇంట్లో ఉప్పు గురించి పోట్లాట.

"ఇదేంటమ్మా, ఉప్పు గిన్నెలో కప్పు నాటావు? నీళ్ళు పోస్తే మొలుస్తుందా?" అన్నాడు ఆమె భర్త. పళ్ళెంలో రెండుగా కోసిన ఉడికిన గుడ్డు, చేతిలో చెంచా, ఎదురుగా వెడల్పాటి పింగాణీ గిన్నె. గిన్నె నిండా రాళ్ళ ఉప్పు. ఉప్పులో నడుము లోతున ఒక టీ కప్పు, పక్కకి ఒరిగి.

"కదపకు!" అంది అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరక్కుండానే. "పిడి అతికించాను. జిగురింకా ఆరలేదు."

"మరి నా గుడ్డుకి ఉప్పు?"

"ఒక్కపూట ఉప్పు తినకపోతే నీ పౌరుషమేం తగ్గిపోదులే."

కోడలు జడ బిగించుకుంటూ వచ్చి ఆ కప్పును చూసి ఆగిపోయింది. "అత్తయ్యా, దాన్ని నేను నిన్న చెత్తబుట్టలో వేశాను కదా."

"నేను తీశాను."

"కొత్తవి బీరువాలో మూలుగుతున్నాయి. ఈ పిడి ఊడిన కప్పులో వేడి టీ పోసి ఇస్తే, రేపది మళ్ళీ ఊడి మామయ్య ఒళ్ళో పడితే?"

"ఊడదు."

"ఊడదని ఎలా చెప్తారు?"

"నేను అతికించాను కాబట్టి." ఇప్పుడు తిరిగింది అత్తగారు, గరిట చేత్తో పట్టుకునే. "నువ్వు లోకంలో ఉన్న కుండలన్నీ అతికించి పెడతావు. ఇంట్లో కప్పు దగ్గరికొచ్చేసరికి నీకు చెత్తబుట్ట కనబడుతుంది. జీతమిస్తే గానీ అతికించవా ఏంటి?"

భర్త నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. కోడలికి ఒళ్ళు మండింది. కుండలు అతికించి అతికించి మ్యూజియంలో 'అతుకులమ్మ' అనిపించుకున్న మనిషికి, వంటింట్లో ఉప్పు గిన్నె ముందు పరువు పోయింది.

"నా కప్పు సంగతి నన్నెవరూ అడగరేం?" అన్నారు మామగారు కిటికీ పక్క కుర్చీలోంచి, పేపరు దించకుండా.

"మీరు ఊరుకోండి. పగలగొట్టిందే మీరు."

ఆయన ఊరుకున్నారు. తాబేలు డిప్పలోకి పోయినట్టు పేపర్లోకి పోయారు. మెడలో నల్లతాడుకి కళ్ళజోడు వేలాడుతూనే ఉంటుంది ఆయనకి. స్నానానికి తప్ప తీయరు. అయినా చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టె ఒకటి ఎప్పుడూ ఉండాల్సిందే. చొక్కా మారితే పెట్టె కూడా ఆ జేబులోకి మారుతుంది. "ఆ ఖాళీ పెట్టె ఎందుకు మామయ్యా మోస్తారు?" అని కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒకసారి అడిగింది. "అలవాటమ్మా" అన్నారు. ముసలాళ్ళ అలవాట్లకి అర్థాలు వెతికితే ఇల్లు గడవదని అంతటితో ఊరుకుంది.

ఉప్పు ప్యాకెట్టు విప్పి భర్త ముందు పెట్టి, సంచీ భుజాన వేసుకుంటూ కోడలు ఆ కప్పును మరోసారి చూసింది. కోపం తగ్గాక కన్ను పని చేస్తుంది. ఎవరైనా అయితే పిడిని దారంతో కట్టి బోర్లిస్తారు. అత్తగారు అలా చేయలేదు. అతుకు నేలకి సమంగా ఉండేలా కప్పును ఒరగబెట్టి, పిడి బరువు నిలువునా అతుకు మీదే పడేలా ఉప్పును భుజం దాకా ఎగదోసి పెట్టింది. ఈ వాటం తనకు పట్టుబడటానికి గురువు చేత ఎన్ని చీవాట్లు తిందో కోడలికే తెలుసు. కాకపోతే మ్యూజియంలో వాడేది ఇసుక తట్ట.

అత్తయ్యకి ఇదెవరు నేర్పారు? అనుకుంది. బస్సు హారన్ వినబడింది. పరిగెత్తింది.

*

మ్యూజియం వెనక గదిలో, పెద్ద కిటికీ కింద బల్ల మీద మెత్తటి దిండు కుదురులో కూర్చుని ఉంది వరస కుండ. నిండు గర్భిణిలా బొద్దుగా ఉంటుంది. భుజం చుట్టూ ఇటికరంగు బొమ్మలు, చేతులు చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ మగవాళ్ళు, ఆడవాళ్ళు. అందరూ ఒకే ఎత్తు, కొయ్య బొమ్మల్లా. వరస చివర మాత్రం, ఆఖరి స్త్రీ చాచిన చేతిని అందుకుంటూ ఒక చిన్న పాప. ఒక కాలు ఎత్తి ఉంటుంది.

ఆ పాప లేకపోతే ఇది పది కుండల్లో ఒక కుండ. 'నడక కూడా స్థిరపడని బిడ్డను వరసలో నిలబెట్టుకున్న జనం వీళ్ళు. ఆ బిడ్డ వాళ్ళతోపాటు నాట్యం చేస్తోంది' అని మామగారు పుస్తకం రాశారు. ఆ ఒక్క మాటతో ఆయన పేరు దేశాలు దాటింది. పాప మ్యూజియం గేటు ఎక్కింది, టిక్కెట్టు ఎక్కింది, బడిపిల్లల పాఠాల్లోకి ఎక్కింది. కోడలి మెడలోని బ్యాడ్జీ మీద కూడా ఆ పాపే.

"ఏం అతుకులమ్మా, ఇవాళ విడదీతల పనా?" అంటూ డైరెక్టర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన మామగారి శిష్యుడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "చూడమ్మా, నిన్ను అనుమానించాలని నాకేం సరదా కాదు. కానీ తడిగుడ్డ పెట్టింది నువ్వే కదా."

"పైపైన పెట్టాను సార్. అతుకుల్లోకి నీళ్ళు పోలేదు. ఇది ఎప్పటినుంచో లోపలున్న ఉప్పు. పాత గదిలో గాలి ఎప్పుడూ ఒకేలా ఉండేది కాబట్టి దాక్కుంది. కొత్త గాజు పెట్టెలో మీరు గాలి ఆరబెట్టే యంత్రం పెట్టించారు. బయటికి లాగేసింది."

"అంటే తప్పు యంత్రానిదా?"

"ఉప్పు పోసిన వాళ్ళది."

అప్పటికే కుండ లోపలివైపు, ఎప్పుడో ఎవరో బలానికి పూసిన సున్నపు పొరను ఆమె వలిచేసింది. ఇవాళ పైవైపు పని. పసుపు తిరిగిపోయిన పాత మెరుగు పూతను తీస్తే గానీ ఉప్పు బయటికి రాదు. పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పెదవి తుడిచినంత మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. దూది పసుపుగా వచ్చింది. పారేసింది. ఇంకోటి, మళ్ళీ పసుపు. మగవాళ్ళ కాళ్ళు, ఆడవాళ్ళ నడుములు మెరుగు వదిలి మట్టి రంగు తేలాయి. బొమ్మలకేం కాలేదు. కాదు కూడా. రంగు వేశాకే కుండను కాల్చారు. నిప్పు పట్టిన రంగు ఏ నీటికీ, ఏ స్పిరిట్‌కీ ఊడదు. వెయ్యేళ్ళు మట్టిలో పడుకున్నా ఊడదు. ఈ వృత్తిలో మొదటి పాఠం అది.

పాప దగ్గరికి వచ్చింది. ఎత్తిన పాదం మీద దూది ఆనించి, తీసింది.

దూది ఎర్రగా ఉంది.

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పాదం ఉండాల్సిన చోట మసక మరక.

"ఏం చేశావ్?" డైరెక్టర్ స్టూలు వెనక్కి పడింది. "ఏం చేశావమ్మా?"

"తుడిచాను సార్. అంతే."

"గీకావు!"

"దూదితో ఎవరైనా గీకుతారా?" గొంతు తనది కాదేమో అనిపించింది ఆమెకు. ఎన్ని తరాలు చూసిన బొమ్మ, ఎన్ని లక్షల మంది పిల్లలు వేలుపెట్టి చూపించిన బొమ్మ, తన చేతి కింద చెరిగిపోయింది. కొత్త దూది తీసింది. పక్కనున్న స్త్రీ పాదం మీద అదే స్పిరిట్ పెట్టి గట్టిగా తుడిచింది.

తెల్లగానే ఉంది దూది.

పాప పొట్ట మీద, అంచున, సూదిమొనంత చోట ఆనించింది. ఎరుపు.

భూతద్దం వంచింది. పాప ఉన్న పెంకుకీ, పక్క పెంకుకీ మధ్య అతుకులోంచి పాతకాలపు జిగురు కాస్త ఉబికి, తేనెరంగు గీతలా గట్టిపడి ఉంది. పాప చెయ్యి ఆ గీతను దాటి ఆఖరి స్త్రీ చేతిని పట్టుకుంది. దాటుతూ, జిగురు మీదుగా వెళ్ళింది. గట్టు మీదుగా పొర్లిన నీళ్ళలా, రంగు జిగురు పైన ఉంది.

ఆమె లేచి డైరెక్టర్‌కి దారి ఇచ్చింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు. లేచి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వంగాడు.

"కుండ చేశారు. బొమ్మ వేశారు. కాల్చారు. ఎన్నో ఏళ్ళకి పగిలింది. ఆ తర్వాత కదమ్మా జిగురు?"

"అవును సార్."

"మరి రంగు జిగురు పైన ఉందేంటి?"

అంత చదువుకున్న మనిషి చిన్నపిల్లాడిలా అడుగుతుంటే ఆమెకు జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఆయనకి జవాబు తెలుసు. కిందపడ్డ స్టూలు ఎత్తుకుని కూర్చున్నాడు. "నా మొదటి ఉపన్యాసం ఈ పాప మీదేనమ్మా. మా ఇంట్లో హాల్లో గోడ మీద ఉంది. మా ఆవిడ రోజూ దుమ్ము దులుపుతుంది" అన్నాడు. నవ్వబోయాడు. రాలేదు.

ఉప్పు సంగతి తేలాలంటే అతుకు విప్పక తప్పదు. స్పిరిట్ ఆవిరి పట్టగా పట్టగా పాత జిగురు మెత్తబడి, పాప ఉన్న పెంకు ఆమె అరచేతిలోకి ఊడి వచ్చింది. అంచులు పగిలిన అంచులు కావు. ఆకురాయితో అరగదీసి, ఖాళీకి కుదిర్చిన అంచులు. మట్టి కూడా ఒక ఛాయ తేడా. ఇంకేదో కుండ నుంచి తెచ్చిన బోడి పెంకు అది. వెనక్కి తిప్పింది. ఉబికి ఆరిన జిగురు నిండా చిన్న చిన్న గుంటలు. ఇసుకలో నిలబెట్టి ఉంటే గుండ్రటి గుంటలు పడేవి. ఇవి చదరంగా, మూలలు తీరి, అచ్చు పోసినట్టున్నాయి.

తవ్వకాల వాళ్ళందరికీ ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. రాయో ఎముకో తేలకపోతే నాలుక చివర ఆనించి చూస్తారు. ఆమె డైరెక్టర్ వైపు తిరక్కుండా ఆ జిగురును నాలుకకి ఆనించింది.

ఉప్పు.

"ఉప్పులో నిలబెట్టారు సార్. ఇసుక బదులు రాళ్ళ ఉప్పులో. అది చెమర్చి కుండలోకి దిగింది. నా తడిగుడ్డ కాదు" అంది. అంటూండగానే కళ్ళ ముందు పింగాణీ గిన్నె కనబడింది. నడుము లోతు ఉప్పు, ఒక పక్కకి ఒరిగిన కప్పు. *నేను అతికించాను కాబట్టి.* నోట్లో ఉప్పు చేదెక్కింది.

"బతికిపోయావు పో" అన్నాడు డైరెక్టర్. వెంటనే గొంతు తగ్గించాడు. "ఇప్పుడు విను. రేపు పొద్దున మ్యూజియం కమిటీ వాళ్ళొస్తున్నారు, కుండను చూసి వెళ్ళడానికి. ఆ పెంకు తిరిగి అతికించెయ్. పాదానికి కాస్త రంగు దిద్దు. ఉప్పు నేరం యంత్రం మీదికి తోసేస్తాను. నీకు మచ్చ ఉండదు."

"నన్ను రంగు వేయమంటారా?"

"వేయకపోతే పాప కాలు ఏమైందంటారు. నువ్వు తుడిచేశావంటారు. నేననను, వాళ్ళంటారు. లేదూ, నిజం చెప్దామా? అప్పుడు ఏమంటారో తెలుసా? మీ మామగారు దొంగబొమ్మ గీసుకుని పేరు తెచ్చుకున్నారంటారు. ఈ వయసులో, గదికి ఆయన పేరు పెట్టే రోజున." ఆగాడు. "ఇది ఎవరు గీశారో నీకేమైనా..."

"తెలియదు సార్."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ బల్ల ముందు నిలబడి ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

*

మధ్యాహ్నమే ఇంటికొచ్చిన కోడలిని చూసి అత్తగారు, "ఒంట్లో బాలేదా?" అంది. మామగారి గదిలోంచి గురక వినిపిస్తోంది. వంటింట్లో అత్తగారు కప్పును ఉప్పులోంచి తీసి, పాత పళ్ళ బ్రష్షుతో పిడి సందుల్లోని ఉప్పు రాళ్ళను విదిలిస్తోంది. పిడి పట్టుకుని కప్పును ఊపింది. "చూడు. ఊడిందా?"

కోడలు మెడలోని బ్యాడ్జీ తీసి, ఉప్పు గిన్నె పక్కన పెట్టింది.

"అత్తయ్యా, ఈ పాపని ఎవరు గీశారు?"

బ్రష్షు ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది, ఇంకా మెల్లగా.

"దేన్ని బట్టి అడుగుతున్నావు?"

"ఉప్పును బట్టి."

"ఉప్పు పాడు చేస్తుందని నాకు అప్పుడెవరు చెప్పారు?" అంది అత్తగారు. "వానలు. గుడారాలు కారిపోతున్నాయి. ఇసుక తట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. వంట గుడారంలో ఉప్పు బస్తా ఒక్కటే పొడిగా ఉంది. పొడి అనుకున్నాను. అదీ చెమర్చిందన్నమాట."

కోడలు పీట లాక్కుని కూలబడింది. ఏడుస్తుందనో, బుకాయిస్తుందనో అనుకుంది. ఈవిడ వంట సంగతి చెప్తున్నట్టు చెప్తోంది.

"మీరు తవ్వకాలకి వెళ్ళారని నాకెప్పుడూ చెప్పలేదే."

"ఒక్క ఏడే వెళ్ళాను. ముగ్గురం వెళ్ళాం." కప్పును తుడిచి, పిడి గోడవైపు తిప్పి అరలో పెట్టింది. "ఇద్దరం వచ్చాం."

కోడలికి ఒక్క క్షణం లెక్క అర్థం కాలేదు. అర్థమయ్యాక పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

"జ్వరం" అంది అత్తగారు. "పొద్దుటికి తగ్గుతుందిలే అన్నారు ఆయన. ఆయన్నేం అనను, నేనూ అదే అనుకున్నాను. దారి నిండా బురద. డాక్టరు దగ్గరికి చేరేసరికి... సరే. పిల్ల అక్కడే ఉండిపోయింది. చేతులు ఖాళీగా ఉంటే నాకు పిచ్చెక్కుతుందని, ఎవరో పెంకుల గంప తెచ్చి నా ముందు పెట్టారు. అతికించడం చూపించారు. రోజంతా అదే పని. వరస తయారైంది. చివర ఆవిడ చెయ్యి చాచి ఉంది. అవతల ఖాళీ. ఆ పెంకు దొరకలేదు."

"అందుకని..."

"ఆ చాచిన చెయ్యిని చూడలేకపోయానే అమ్మాయ్." బ్యాడ్జీని వేలితో తన వైపు తిప్పుకుంది. "రోజూ చూస్తే, ఖాళీ గాలిని పట్టుకుని ఉంది. ఒక బోడి పెంకు తెచ్చి అరగదీసి పెట్టాను. అక్కడి ఎర్రమట్టి నూరి, జిగురు కలిపి గీశాను. దానికి నడక అప్పుడే వచ్చింది. ఒక కాలు ఎత్తి పట్టుకుని, వేయనా వద్దా అని మనవైపు చూసేది."

"పుస్తకంలో అది నాట్యం అని..."

"నాట్యమూ కాదు, పాడూ కాదు. నడక."

కోడలి చూపు బ్యాడ్జీ మీద పడింది. తనకు ఆడపడుచు పోరు లేదని స్నేహితురాళ్ళు ఎన్నిసార్లో అసూయపడ్డారు. ఇన్నేళ్ళుగా ఆ ఆడపడుచునే మెళ్ళో వేసుకుని ఉద్యోగానికి వెళ్ళొచ్చింది.

"మామయ్యకి తెలుసా?"

"రెండు రోజులుంచుకుని తీసేద్దామనుకున్నాను. పొద్దున్నే ఆయన గుడారంలోకి వచ్చారు. కుండను చూశారు. 'పెంకు దొరికిందా?' అన్నారు. 'దొరికింది' అన్నాను."

"తర్వాతైనా చెప్పొచ్చు కదా!"

"ఆ పూట ఆయన అన్నం తిన్నారు. ఎన్నాళ్ళకో. ఎలా చెప్పను? తర్వాత ఫొటో తీశారు. పుస్తకం వచ్చింది. గేటెక్కింది. గేటెక్కిన దాన్ని దించడం నా వల్ల అయ్యే పనా?"

మ్యూజియానికి రమ్మని పిలిచినప్పుడల్లా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఎందుకొచ్చేవో కోడలికి ఇప్పుడు తెలిసింది. కొత్త గదికి భర్త పేరు పెడుతున్నారని చెప్పినప్పుడు కూడా మోకాళ్ళే అడ్డొచ్చాయి.

"మీ అబ్బాయికి?"

"వాడికి తెలియదు. వాడు పుట్టాక ఆ మాట ఎత్తకూడదని ఇద్దరం అనుకున్నాం. అనుకోలేదు కూడా. ఎత్తలేదు, అంతే." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నీ ఉద్యోగం సంగతి చెప్పు."

"రేపు పొద్దున కమిటీ పెద్దలొచ్చేలోగా పెంకు అతికించి, చెరిగిన పాదానికి రంగు వేస్తే ఉంటుంది. వేయకపోతే నేను చెరిపేశానంటారు. లేకపోతే మామయ్య దొంగబొమ్మ చేశారంటారు. ఆ రెండిట్లో ఒకటి."

"మూడోది లేదా?"

"మూడోది మీరు, అత్తయ్యా."

అనేశాక నాలుక కరుచుకుంది. అత్తగారు కోపం తెచ్చుకోలేదు. గిన్నెలోని ఉప్పునంతా తొట్టిలోకి ఒంపి, కుళాయి తిప్పి, అది కరిగి పోయేదాకా చూస్తూ నిలబడింది.

"మొహం కడుక్కుని కాసేపు పడుకో. అన్నాల దగ్గర మాట్లాడుకుందాం."

*

మామగారికి పొద్దు ఉండగానే భోజనం కావాలి. కిటికీలోంచి ఎండ ఇంకా బల్ల మీద పడుతోంది. నలుగురూ కూర్చున్నారు. భర్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తల్లివైపు, పెళ్ళాంవైపు మార్చి మార్చి చూశాడు.

"ఈ ఇంట్లో ఉప్పు మీద ఏమైనా ఒట్టు పెట్టుకున్నారా? పొద్దున గుడ్డుకి అడుక్కుంటే గానీ రాలేదు, ఇప్పుడు కూరలో అసలే లేదు."

అత్తగారు కూరలో ఉప్పు మర్చిపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మామగారు మాత్రం చప్పిడి కూరే కలుపుకుని తింటున్నారు.

"అవునూ, కుండ సంగతి తేలిందా?" అన్నాడు భర్త కోడలితో.

కోడలు గ్లాసు ఎత్తింది.

"తేలింది" అంది అత్తగారు. "ఆ ఉప్పు నాది."

"నీదా? నువ్వు పొద్దుట్నుంచీ ఉప్పు ధ్యాసలోనే ఉన్నావమ్మా. నీకూ కుండకీ ఏంటి సంబంధం?"

అత్తగారు గరిట పక్కన పెట్టింది. ఎవరివైపూ చూడలేదు. "రేపు పొద్దున అమ్మాయితో నేనూ మ్యూజియానికి వెళ్తున్నాను. వచ్చే పెద్దమనుషులందరి ముందూ చెప్తాను. ఆ పాపని గీసింది నేను. నేనే తీసేసి తెచ్చుకుంటాను. అమ్మాయి తప్పు లేదు, మీ నాన్న తప్పూ లేదు. ఆయనకి తెలియదు."

"ఏ పాప? గేటు మీద పాపా?" భర్త నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "అమ్మా, ఏం మాట్లాడుతున్నావు? ఎవరా పాప?"

"మీ అక్క."

భర్త చేతిలోని ముద్ద పళ్ళెంలో పడింది. కోడలు బల్ల కింద అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. అతను తండ్రివైపు తిరిగాడు. కాదనమని అడుగుతున్నట్టు.

కోడలు కూడా మామగారివైపే చూసింది. పెద్దాయన కుప్పకూలుతారేమోనని ఆమె భయం. ఆయన కూలలేదు. ఉలిక్కిపడలేదు. 'ఏమంటున్నావే' అనలేదు. ఆఖరి మెతుకుదాకా తిని, నీళ్ళు తాగి, ఎడం చెయ్యి చొక్కా జేబులో పెట్టారు. కళ్ళజోడు పెట్టె తీసి, ఖాళీ ఉప్పు గిన్నె పక్కన పెట్టారు.

పెట్టేటప్పుడు లోపల ఏదో కదిలింది. టక్కుమని, పొడిగా. ఆ చప్పుడు కోడలికి నిద్రలో వినబడినా తెలుస్తుంది. కాల్చిన మట్టి చప్పుడు.

"ఆ రోజు నువ్వు 'దొరికింది' అన్నావు" అన్నారు మామగారు భార్యతో. "నీ వేళ్ళకి ఎర్రరంగు అలాగే ఉంది."

అత్తగారు బల్ల అంచు పట్టుకుంది. "మీకు... అప్పుడే..."

"మరుసటేడు మళ్ళీ వెళ్ళాను కదా. తవ్విపోసిన మట్టి జల్లిస్తుంటే వచ్చింది. చూడగానే తెలిసింది ఎక్కడిదో. ఆ ఖాళీలోది."

"అసలు పెంకా?" కోడలి గొంతు పైకి లేచింది. మామగారని, పెద్దాయనని, ఏమీ గుర్తు రాలేదు. "మామయ్యా! అది మ్యూజియం సొత్తు! ఇన్నేళ్ళూ జేబులో పెట్టుకుని తిరిగారా? నాట్యమని పుస్తకం రాస్తున్నప్పుడు కూడా ఇది మీ జేబులోనే ఉందా?"

"ఉంది."

అంతకన్నా ఏమీ చెప్పుకోలేదు ఆయన. కళ్ళజోడు సర్దుకున్నారు. "రేపు మీ అత్తయ్య ఒక్కతే వెళ్ళదు. నేనూ వస్తాను. తను పాపని తెచ్చుకుంటుంది, నేను దీన్ని ఇచ్చేస్తాను. ఆ గదికి నా పేరు వద్దని కూడా అక్కడే చెప్పేస్తాను. ఇంక దీని మీద ఎవరూ నాతో వాదించొద్దు."

అత్తగారు ఆయన మాటలేవీ విన్నట్టు లేదు. ఆమె చూపు పెట్టె మీదే ఉంది. చెయ్యి చాచింది. ఆయన అరచెయ్యి పెట్టె మూత మీద వాలింది.

"దాని మీద ఏముందండీ?" అంది. "ఆ చివర ఆవిడ ఎవరి చెయ్యి పట్టుకుంది?"

మామగారు చెయ్యి తీయలేదు.

"ఇక్కడ కాదు" అన్నారు. "రేపు దాని చోట్లో పెట్టి చూడు. ఒక్కదానివే చేతిలో పట్టుకుని చూసేది కాదు అది."